ఆ 80 జీబీ ఎక్కడికి పోయిందంటే

ఒరేయ్ మామా,

నీ మెసేజ్ వచ్చి రెండు రోజులైంది. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే వ్యవహారం కాదని తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. పాత ల్యాప్‌టాప్‌ని మూలన పడేయకుండా మీడియా సర్వర్‌గా (సినిమాలు దాచి ఇంట్లో టీవీకి, ఫోన్లకి పంపే మిషన్‌గా) మార్చినందుకు ముందు నీకో దండం. నేను అంత చెప్పినప్పుడు నవ్వావు కదరా, ఇప్పుడు చూడు.

"సినిమా పావుగంట ఆడి ఆగిపోతోంది, ల్యాప్‌టాప్ ఫ్యాను హోరుమంటోంది, రూటర్ మార్చమంటావా?" ఇదీ నీ ప్రశ్న. రూటర్ జోలికి పోకు. జవాబు నీ ప్రశ్నలోనే ఉంది: ఫ్యాను మోత. డిస్కులోంచి ఫైలు తీసి టీవీకి పంపడానికి ఏ ప్రాసెసరూ చెమటలు కక్కదు. ఫ్యాను అరుస్తోందంటే లోపల ట్రాన్స్‌కోడింగ్ నడుస్తోందన్నమాట. అంటే వీడియోని విప్పి, టీవీకి నచ్చేలా మళ్లీ కొత్తగా కుట్టి పంపుతోంది.

ఈసారి సినిమా ఆడుతుండగానే ఇంకో ఫోన్లో జెల్లీఫిన్ (అదే, మన సర్వర్ ప్రోగ్రామ్) డాష్‌బోర్డు తెరువు. నీ టీవీ పేరుతో ఒక చిన్న పెట్టె కనిపిస్తుంది. అందులో "డైరెక్ట్ ప్లే" (ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తోంది) అని ఉంటే సర్వర్ తప్పేమీ లేదు. "ట్రాన్స్‌కోడింగ్" అని ఉంటే, దాని పక్కన ఉన్న గుర్తు నొక్కితే కారణం కూడా చెబుతుంది. నేను ఆ కారణం చదవకుండానే మూడు వారాలు వైఫైని తిట్టుకున్నా. రూటర్‌ని అలమారా మీదకి ఎక్కించా, దించా, దాని యాంటెన్నాలు అన్ని దిక్కులకీ తిప్పా. చివరికి తెలిసిందేమిటంటే సబ్‌టైటిల్స్ ఆపేస్తే సినిమా సాఫీగా ఆడుతోంది, పెడితే ఆగుతోంది!

ఎందుకంటే బ్లూరే డిస్కులనుంచి వచ్చే సబ్‌టైటిల్స్ అక్షరాలు కావురా, బొమ్మలు. పీజీఎస్ అంటారు వాటిని. నీ టీవీ యాప్‌కి ఆ బొమ్మల్ని చూపించడం చేతకాకపోతే, సర్వరే వాటిని ప్రతి ఫ్రేము మీదా అతికించి పంపాలి. సెకనుకు 24 ఫ్రేములు, 4కే అయితే ఒక్కో ఫ్రేములో దాదాపు 83 లక్షల చుక్కలు. రెండు లైన్ల డైలాగు కోసం అంత చాకిరీ! అదే సినిమాకి ఎస్‌ఆర్‌టీ ఫైలు, అంటే అక్షరాల్లో ఉన్న సబ్‌టైటిల్ ఫైలు దొరికితే, సినిమా ఫైలు పేరే దానికీ పెట్టి పక్కన ఉంచు. మామూలు అక్షరాలే కాబట్టి టీవీ తనే చూపించుకుంటుంది. తెలుగు సబ్‌టైటిల్స్ డబ్బాలు డబ్బాలుగా వస్తే మాత్రం ఫైలు పాడైందనుకుని పారేయకు. ఫాంటు లేకపోయుండాలి, లేదా ఫైలు యూటీఎఫ్-8లో (తెలుగు లాంటి లిపులన్నీ దాచగల పద్ధతిలో) లేకపోయుండాలి.

ట్రాన్స్‌కోడింగ్ తప్పదనుకుంటే ఆ పని గ్రాఫిక్స్‌కి అప్పగించు. ఆ పని చేసే ఇంటెల్ క్విక్ సింక్ 2011 నుంచీ ఉంది, కానీ 10 బిట్ హెచ్‌ఈవీసీ (4కే సినిమాల్లో ఎక్కువగా వాడే వీడియో రకం) కావాలంటే ఏడో తరం చిప్పు గానీ ఆపైది గానీ ఉండాలి. నీది ఏ తరమో చూసుకో. సెట్టింగ్‌లో టిక్కు పెట్టినా పనిచేయకపోతే సర్వర్ యూజర్ 'రెండర్' గ్రూపులో (గ్రాఫిక్స్ వాడే అనుమతి ఉన్నవాళ్ల జాబితాలో) లేడేమో చూడు. పదింట ఎనిమిదిసార్లు అదే. ఇంకోటి, టీవీకి నెట్‌వర్క్ కేబుల్ పెడితే వేగం పెరుగుతుందని గుడ్డిగా నమ్మకు. చాలా టీవీల్లో ఆ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే, దానికంటే మంచి వైఫైయే నయం.

సరే, నీ గోల అయిపోయింది. ఇప్పుడు నాది విను. ఎవరికైనా చెప్పుకోకపోతే నాకు నిద్రపట్టేలా లేదు.

మొన్న ఒకరోజు పొద్దున్నే సర్వర్ లేవలేదు. రీస్టార్ట్ చేశా, లేవలేదు. లాగ్ (సర్వర్ రాసుకునే చిట్టా) తెరిచి చూస్తే చివర్లో ఒకే ముక్క: "డేటాబేస్ ఆర్ డిస్క్ ఈజ్ ఫుల్". డేటాబేస్ పాడైందని గుండె ఆగినంత పనైంది. పోస్టర్లు, నేను చేత్తో దిద్దిన పేర్లు, ఎవరు ఎంతవరకు చూశారో ఆ లెక్కలు, అన్నీ అందులోనే కదా! తేరుకుని డిస్కు ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కమాండు కొట్టా. సిస్టమ్ ఉన్న 120 జీబీ ఎస్‌ఎస్‌డీ నూటికి నూరు శాతం నిండిపోయి ఉంది. పోనీలే, పనికిరానివి తుడిచేద్దామని ఏ ఫోల్డర్ ఎంత చోటు తింటోందో చెప్పే డీయూ కమాండుతో అన్నీ లెక్కేశా, మొత్తం 30 జీబీయే తేలింది.

మరి మిగతా 80 ఏదిరా?

రెండోసారి లెక్కేశా. రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న యూజర్‌గా కూడా లెక్కేశా. అదే 30. ట్రాన్స్‌కోడ్ తాత్కాలిక ఫైళ్లు పేరుకుపోయాయేమోనని ఆ ఫోల్డర్ చూశా, ఖాళీ. డాకర్ (సర్వర్ ప్రోగ్రామ్‌ని కంటెయినర్ అనే విడి పెట్టెలో ఉంచి నడిపేది) లాగులు చూశా, చిన్నవే. తుడిచేసిన ఫైలుని ఏ ప్రోగ్రామైనా ఇంకా పట్టుకుని ఉందేమోనని మిషన్‌ని రీబూట్ చేశా. ఉహూఁ. మధ్యాహ్నమైంది. డిస్కే అబద్ధం చెబుతోందని దానిమీద అనుమానం మొదలైంది.

కాఫీ తాగుతుంటే గుర్తొచ్చింది. నెల కిందట ఒక రాత్రి కరెంటు పోయి వచ్చాక పోస్టర్లన్నీ వరసగా కనిపిస్తున్నాయి గానీ ఏది నొక్కినా ఆడలేదు. సినిమాలున్న బయటి హార్డ్‌డిస్క్ మౌంట్ కాలేదు, అంటే సిస్టమ్‌లో తన ఫోల్డర్‌కి తగులుకోలేదు, పొద్దున చూసి సరిచేశా, అంతటితో మర్చిపోయా. కానీ అదే రాత్రి, పడుకునే ముందు, ఫోన్లలోని ఇంటి వీడియోలన్నీ సర్వర్‌కి కాపీ పెట్టా. సుడోతో, అంటే ఎక్కడైనా రాయగల రూట్ అధికారంతో పెట్టా, అక్కడే వచ్చింది తంటా.

హార్డ్‌డిస్క్ మౌంట్ అయ్యే ఫోల్డర్ ఉంటుంది చూడు, డిస్క్ లేనప్పుడు అది ఎస్‌ఎస్‌డీలోని ఓ మామూలు ఖాళీ ఫోల్డర్. కాపీ కమాండుకి ఆ తేడా ఏం తెలుసు? వీడియోలన్నీ అందులోనే పోసింది. పొద్దున నేను డిస్క్ మౌంట్ చేసేసరికి అది వాటిమీద దుప్పటిలా పరుచుకుంది. ఫైళ్లు కిందే ఉన్నాయి, చోటు తింటున్నాయి, కంటికి మాత్రం కనపడవు. డీయూకీ కనపడవు. అన్నీ వెళ్లాయన్న ధీమాతో వీడియోలు డిస్కులో ఉన్నాయో లేదో ఒక్కసారి కూడా చూసుకోలేదు నేను.

సర్వర్ ఆపి, డిస్క్ అన్‌మౌంట్ చేశా. ఫోల్డర్ తెరిస్తే వీడియోలన్నీ వరసగా ఉన్నాయి. వాటిని వేరే పేరుతో పక్క ఫోల్డర్‌లోకి జరిపి, డిస్క్ మళ్లీ మౌంట్ చేసి, అప్పుడు అందులోకి మార్చా. సర్వర్ ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంది. డేటాబేస్‌కి ఏమీ కాలేదు.

ఇక ఊరుకుంటానా? ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ అవ్వాలో రాసుండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో డిస్క్ పేరు 'ఎస్‌డీబీ1' అని ఉంటే తీసేసి, మారని గుర్తింపు సంఖ్య యూయూఐడీ పెట్టా. ఓ పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంచినా ఆ పేర్లు తారుమారవుతాయి కదా. అందులోనే 'నోఫెయిల్' (డిస్క్ లేకపోయినా ముందుకెళ్లు) అన్న మాట ఉంచా, లేకపోతే డిస్క్ దొరకని రోజు మిషన్ బూటే అవదు. అసలు మందు వేరే ఉంది: డిస్క్ అన్‌మౌంట్ చేసి, ఆ ఖాళీ ఫోల్డర్ మీద 'చాటర్ ప్లస్ ఐ' (ఇందులో ఎవరూ ఏమీ మార్చకూడదని తాళం వేసే) కమాండు కొట్టా. ఇక డిస్క్ మౌంట్ అయితే తప్ప అందులోకి సుడో కూడా ఒక్క ఫైలు రాయలేదు, ఎర్రర్ ఇస్తుంది. నువ్వు కూడా ఇవాళే ఆ పని చెయ్యి, ఐదు నిమిషాలు పట్టదు. నువ్వూ డాకర్‌లోనే నడుపుతున్నావు కాబట్టి ఇంకో మాట. కంటెయినర్ లేచాక డిస్క్ మౌంట్ అయితే లోపలికి కనిపించదు, కంటెయినర్‌ని మళ్లీ స్టార్ట్ చెయ్యాలి. దీనిమీద కూడా నాకు ఓ ఆదివారం పోయింది, ఆ కథ ఇంకోసారి.

బ్యాకప్ గురించి అడిగావు. సినిమాలు పోతే పోయాయి, బ్లూరే డిస్కులు ఉన్నాయి కదా మళ్లీ ఎక్కించుకోవచ్చు. జెల్లీఫిన్ కాన్ఫిగ్ ఫోల్డర్ (సెట్టింగులు, డేటాబేస్ ఉండేది), ఇంటి వీడియోలు మాత్రం వేరే డిస్కులో ఇంకో కాపీ పెట్టుకో. కాన్ఫిగ్ కాపీ తీసేటప్పుడు సర్వర్ ఆపి తియ్యి.

ఇవాళ రాత్రి సినిమా పెట్టినప్పుడు ఆ డాష్‌బోర్డు పెట్టెలో కారణం ఏమని వస్తుందో ఫొటో తీసి పంపు. "సబ్‌టైటిల్" అన్న మాట కనిపిస్తే నేను గెలిచినట్టు. ఆడియో అని వస్తే మాత్రం నీ టీవీ మోడల్ కూడా రాయి, చూద్దాం.

ఇట్లు,
నీ వాడే