ఆసుపత్రికి పామెందుకు?

సంపాదకుల వారికి నమస్కారం.

నాగుల చవితి మర్నాడు మీ జిల్లా పేజీలో వేసిన ఫొటో గురించి ఈ ఉత్తరం. పాము కరిచిన యువకుడొకరు ఆ పామునే పట్టి, ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించి, మోటారు సైకిల్ తానే నడుపుకుంటూ ఆసుపత్రికి వచ్చాడని రాశారు. ఎడమ చేతికి సెలైన్, కుడి చేతిలో డబ్బా. పైన ‘ఔరా, ఏమి ధైర్యం!’ అని శీర్షిక. ఆ పేజీ మా వీధంతా తిరిగింది. తొమ్మిదో తరగతి చదివే ఎదురింటి పిల్లవాడు నాకే పాఠం చెప్పాడు: “నాయనమ్మా, పామును డాక్టరుకు చూపించాలట. లేకపోతే ఏ మందు ఎక్కించాలో తెలియదట.”

నేను 31 ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా పనిచేసి, రిటైరై, దివిసీమలో మా అత్తగారి ఊళ్లో ఉంటున్నాను. వానాకాలం రాత్రి డ్యూటీలు చేసినదానికి పాముకాటు కొత్త కాదు. ఆ పిల్లవాడికి చెప్పిన జవాబే మీకూ రాస్తున్నాను, కాస్త పెద్దదిగా.

పామును బట్టి మార్చి వాడటానికి మన దగ్గర నాలుగు రకాల మందులు లేవు. ఉన్నది ఒక్కటే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషాన్నీ గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తంలోంచి తీసిన విరుగుడు అది. దానికి కావలసిన విషంలో చాలా భాగం తమిళనాడులో, చెన్నైకి దగ్గర్లోని వడనెమ్మేలిలో ఇరుళ తెగవారి సహకార సంఘం పిండి ఇస్తుంది. సీసాలో తెల్లటి పొడిగా ఉంటుంది. నీళ్లు కలిపి, సీసాను అరచేతుల మధ్య మెల్లగా తిప్పుతూ కరిగించాలి. తొందరపడి గిలకొడితే నురగ కడుతుంది. మొదటి విడత సాధారణంగా పది సీసాలు. చంటిపిల్లకైనా ఆరడుగుల మనిషికైనా అంతే, ఎందుకంటే పాము మనిషి బరువు చూసి విషం తగ్గించదు కదా.

పాము ఏదో తెలిస్తే మంచిదే, కాదనను. దేనికోసం కనిపెట్టుకుని ఉండాలో డాక్టరుకు ముందే తెలుస్తుంది. కానీ అది తెలుసుకోవడం కోసం టార్చిలైట్లు వేసుకుని గడ్డివాము చుట్టూ తిరిగే అరగంట రోగిదే. ఏ విషమో రోగి ఒళ్లే చెబుతుంది. రక్తపింజర సంగతి తేల్చడానికి మాకు కావలసింది ఒక గాజు గొట్టం. శుభ్రమైన, పొడి గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు బల్ల మీద నిలబెట్టాలి. తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. రక్తం గడ్డకట్టి అడుగున నిలిచిందా, అప్పటికి సరే. నీళ్లలా జారిందా, విషం ఎక్కినట్టే. గొట్టం ప్లాస్టిక్‌దైతే ఫలితాన్ని నమ్మలేం, సబ్బుతో కడిగినదైనా నమ్మలేం. ఎవరూ కడగకుండా నేను నాలుగు కొత్త గొట్టాలు ఎప్పుడూ నా సొరుగులో తాళం వేసి ఉంచేదాన్ని. తోటి సిస్టర్లు నవ్వేవాళ్లు, బంగారం దాచుకున్నట్టు దాచుకుంటావని.

మరి డబ్బాలో వచ్చే పాము వల్ల ఒరిగేదేమిటి? ఒకసారి పెయింటు డబ్బాలో తెచ్చారు. “సిస్టరమ్మా, ఇదేనండి కరిచింది, చూడండి” అంటూ రోగి బావమరిది మూత తీయబోయాడు. క్యాజువాల్టీలో ఉన్న పన్నెండు మందీ బల్లలెక్కారు. డాక్టరు గారితో సహా. వార్డుబాయ్ ఒక్కడే కాలితో మూత నొక్కిపట్టాడు. అందులో ఉన్నది జెర్రిపోతు, ఎలుకలు తిని బతికే అమాయకపు ప్రాణి. అసలు కరిచింది వేరే. రోగికి అప్పటికే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. దొరికిన పామే కరిచిన పాము అని నమ్మితే ఇలాగే మోసపోతాం. చంపి తెచ్చినా క్షేమం కాదు. తెగిపడిన పాము తల కూడా కాసేపటి వరకు కాటు వేయగలదు. రక్తపింజర పిల్లను కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో ఎత్తినవాళ్లకు నేనే కట్లు కట్టాను. ఫొటో ఉంటే చాలు, అది కూడా దూరం నుంచి తీయగలిగితేనే.

మీ ఫొటోలో నన్ను ఇంకా బాధపెట్టింది మోటారు సైకిల్. కరిచిన కాలితో నడవకూడదు, పరుగెత్తకూడదు, గేర్లు వేయకూడదు. కండరం ఎంత ఆడితే విషం అంత త్వరగా ఒళ్లంతా పాకుతుంది. పైగా అది కట్లపామో నాగుపామో అయితే దారి మధ్యలోనే రెప్పలు వాలిపోతాయి. మనిషిని పడుకోబెట్టి, విరిగిన కాలికి కట్టినట్టు బద్దలు పెట్టి కదలకుండా చుట్టి, 108కి ఫోన్ చేయాలి. బండి రావడం ఆలస్యమవుతుందంటే ఊళ్లో ఉన్న ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్లాలి. అంతేగానీ పిక్క మీద నైలాన్ తాడు బిగించడం కాదు. ఆ తాడు విషాన్ని ఆపదు, కాలికి రక్తాన్ని ఆపుతుంది. నల్లబడిన పాదాలతో వచ్చినవాళ్లను చూశాను. గాయాన్ని బ్లేడుతో కోసుకుని వస్తారు కొందరు. రక్తపింజర విషం ఎక్కిన మనిషి రక్తం గడ్డకట్టదు, ఆ కోత నుంచి కారుతూనే ఉంటుంది. ఇక వేపాకు నమిలించి చేదు తెలుస్తోందా, మిరపకాయ కొరికించి కారం తెలుస్తోందా అని పరీక్షలు పెట్టే పెద్దలకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

తీయవలసినవి ఉంగరాలు, పట్టీలు, మెట్టెలు, కాలి నల్లతాడు. వాపు వచ్చిందంటే అవే ఉరితాళ్లవుతాయి. ఒక కోడలికి మెట్టెలు తీయబోతే అత్తగారు నా చెయ్యి పట్టుకుంది: “వాడు బతికుండగా మెట్టెలు తీయడమేమిటమ్మా?” అని. అప్పటికే వేళ్లు ఉబ్బి, మెట్టె చర్మంలోకి దిగిపోయింది. చివరికి మెట్టెను కత్తిరించాల్సి వచ్చింది. కత్తిరించిన ముక్కలను ఆ అత్తగారు కొంగున ముడి వేసుకుంది. ఆ పిల్ల బతికింది, కాలూ మిగిలింది.

అన్నిటికంటే నాకు నిద్రలేకుండా చేసేది కట్లపాము. నల్లటి ఒంటి మీద సన్నని తెల్లని కట్లు, రాత్రి సంచారం, నేల మీద పడుకున్నవాళ్లే దానికి చిక్కుతారు. కాటు చీమ కుట్టినంత కూడా అనిపించకపోవచ్చు, వాపు ఉండదు. 2011 డిసెంబరులో, కోతలైన పొలాల్లో బాతులు మేపుకుంటూ వచ్చిన కుటుంబం ఒకటి తెల్లవారుజామున నాలుగింటికి పదహారేళ్ల కుర్రవాడిని తెచ్చింది. కడుపునొప్పి అన్నారు. వాము నీళ్లు పట్టారు, సోడా తాగించారు. ఒంటి మీద గాటు లేదు. నేను మాట్లాడిస్తుంటే నేరుగా చూడకుండా తల వెనక్కి వంచి చూస్తున్నాడు. రెప్పలు లేవడం లేదు, అందుకని. ఉమ్మి మింగలేక పెదవి చివర నుంచి కారుతోంది. రాత్రి ఎక్కడ పడుకున్నాడంటే, గట్టు కింద గడ్డి పరుచుకుని అన్నారు. డాక్టరు గారు మందు మొదలుపెట్టారు, కానీ ఊపిరి ఆగిపోతోంది. మా దగ్గర వెంటిలేటరు లేదు. గొంతులోకి గొట్టం వేసి, అంబులెన్సులో పెద్దాసుపత్రికి చేరేదాకా ఊపిరి అందించే సంచిని నేను చేత్తో నొక్కుతూనే ఉన్నాను. ఒక నొక్కు, ఒక ఊపిరి. మనిషి కట్టెలా పడి ఉన్నాడు. వాళ్ల మామయ్య దారంతా ఫోనులో శవాన్ని సొంత ఊరికి చేర్చడానికి బండి బేరమాడుతున్నాడు.

వారం తర్వాత ఆ కుర్రవాడు లేచి కూర్చుని నాతో అన్నాడు: “అంతా వినబడుతూనే ఉందమ్మా. మామయ్య ఐదు వేలంటే ఎక్కువన్నాడు.”

అందుకని వానాకాలం, కోతల కాలం బయట పడుకునేవాళ్లందరికీ ఒక్క మాట. నేల మీద వద్దు. నులకమంచమో మడతమంచమో వేసుకుని, దోమతెర నాలుగు వైపులా పరుపు కిందికి దోపుకోవాలి. చేపల చెరువుల కాపలా పాకల్లో మేత బస్తాల పక్కనే చాప వేసుకుని పడుకుంటున్నారు. బస్తాకు ఎలుక వస్తుంది, ఎలుక కోసం పాము వస్తుంది. ఆ కాపలా మనిషికి మంచం ఇవ్వడం చెరువు యజమానికి బరువేమీ కాదు.

పొలంలో బూట్లు వేసుకోమని అందరూ సలహా ఇస్తారు. గట్ల మీద తిరిగేవాళ్లకు, నీళ్లు పెట్టేవాళ్లకు అది మంచి సలహా. రక్తపింజర కాటు ఎక్కువగా పడేది పాదం మీద, చీలమండ దగ్గర. కానీ నాట్లు వేసే ఆడవాళ్లకు ఈ సలహా చెప్పేవారు ముందు దమ్ము చేసిన మడిలో బూట్లతో ఒక్క వరుస నాటి చూపించాలి. నాటే మడిలో కంటే వాళ్లకు ప్రమాదం ఉండేది గట్టున. రాత్రంతా పడేసి ఉంచిన నారు కట్టల కింద, పొద్దున్నే ఎత్తే వరి పనల కింద. చెయ్యి పెట్టే ముందు కర్రతో ఒకసారి దొర్లిస్తే సరిపోతుంది. మినుము తీసేటప్పుడూ అంతే, గుబురులోకి చూడకుండా చెయ్యి పోనివ్వకూడదు. ఇప్పుడు కోత మిషన్లు వచ్చాయి. మిషను నడుస్తుంటే లోపలి పాములు గట్లకు చేరతాయి, చూడటానికి జనం నిలబడేదీ ఆ గట్ల మీదే.

రాత్రి నడిచేవాళ్లు నేలను కర్రతో తడుతూ వెళ్లాలి. పాముకు ఆ అదురు తెలుస్తుంది, చాలాసార్లు అదే తప్పుకుంటుంది. తప్పుకోనిది రక్తపింజర. ఉన్నచోటే చుట్ట చుట్టుకుని బుస కొడుతుంది. మొన్న వంకాయలు కోస్తుంటే ఆ బుస విని, ఇంట్లో కుక్కరు దించడం మరిచిపోయానేమో అనుకున్నాను! అలాంటప్పుడు కర్ర తీయకుండా నాలుగు అడుగులు వెనక్కి వేయడమే మేలు. ఫోను టార్చి ఉందిగా అంటారు పిల్లలు. చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడే ఫోను వెలుగు కాళ్ల మీద ఎలా పడుతుంది?

నేను భక్తి లేనిదాన్ని కాదు. మొన్న చవితికి పుట్టలో పాలు పోసి వచ్చాను. 2018లో దివిసీమలో కాట్లు పెరిగినప్పుడు మోపిదేవిలో సర్పశాంతి హోమం చేస్తే ప్రసాదమూ తీసుకున్నాను. పుట్ట దగ్గర చెప్పులు విప్పినవాళ్లు తిరుగు దారిలో వేసుకోవాలని మాత్రం చెబుతాను. మంత్రం వేసేవాళ్లకు పేరెందుకు వస్తుందో కూడా తెలుసు. ఎన్నో కాట్లు విషం లేని పాములవి, విషప్పాము కరిచినా ఒక్కోసారి విషం దించదు. వాళ్లు ఏ మంత్రం లేకపోయినా బతుకుతారు. మిగిలినవాళ్లు మంత్రగాడి అరుగు మీద గంటసేపు కూర్చుని మా దగ్గరికి వస్తారు.

తప్పు జనానిదే అనడం న్యాయం కాదు. చిన్న ఆసుపత్రుల్లో మందు ఉండి కూడా, అది పడక దద్దుర్లు వస్తాయేమో, బీపీ పడిపోతుందేమో అని భయపడి, చీటీ రాసి పెద్దాసుపత్రికి పంపించేవాళ్లు మా వృత్తిలోనూ ఉన్నారు. ఆ భయం నిజమైనదే, అందుకే మందు పడకపోతే ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ పక్కన పెట్టుకుంటాం. విషం గుర్తులు కనబడ్డాక మొదటి విడత ఎక్కించి పంపితే రోగి దారిలో పోయే ప్రమాదం తగ్గుతుంది.

2020లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క ప్రకారం, 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది చనిపోయారు. ఏటా సగటున 58 వేలు. ఎక్కువ మంది పోయిన రాష్ట్రాల్లో మనదీ ఉంది. సగం చావులు జూన్, సెప్టెంబరు మధ్యే. పాముకాటును తప్పనిసరిగా నమోదు చేయవలసిన జబ్బుల్లో చేర్చాలని 2024 నవంబరులో కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది. ఆ వార్త మీ పత్రికలో నాకు కనబడలేదు, నా కంటి చూపు దోషమైతే క్షమించండి. డబ్బా ఫొటో మాత్రం నాలుగు కాలమ్‌ల వెడల్పున కనబడింది.

ఈ కోతలయ్యే దాకా వారానికొకసారి అంతే వెడల్పున ఇంకో ఫొటో వేయండి. మనిషి వెల్లకిలా పడుకుని ఉండాలి, కాలికి రెండు వెదురు బద్దలు, వాటి చుట్టూ తువ్వాలు, కింద 108 అంకె. మనిషి కోసం వెతుక్కోనక్కర్లేదు. నిన్న సాయంత్రం ఎదురింటి పిల్లవాడికి మా అరుగు మీదే ఈ కట్టు కట్టి చూపించాను. కట్టడం అయ్యాక వాళ్లమ్మ అన్నానికి పిలిచింది. “ఇప్పుడు నేనెలా వెళ్లాలి నాయనమ్మా?” అన్నాడు. వెళ్లకూడదనే చెప్పాను. వాళ్ల నాన్న వచ్చి ఎత్తుకుని తీసుకెళ్లాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
దివిసీమ, కృష్ణా జిల్లా