ఆ బొమ్మలు గీసినవాళ్ల పేర్లు అమరావతిలో రాయించండి

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. దీపాలదిన్నె అనే మన అమరావతి బౌద్ధ స్తూపం దిబ్బ గురించి, దాని శిల్పాలకు బొమ్మలు గీయించిన కంపెనీ సర్వే అధికారి మెకంజీ గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. నా అర్జీల సంగతే చెప్పుకోవాలి. నాలుగేళ్లలో మూడు ఇచ్చాను. ఒక్కదానికే "తగు చర్య నిమిత్తం పంపడమైనది" అని జవాబొచ్చింది. ఎక్కడికి పంపారని అడిగితే ఒక ఆఫీసులో పక్క ఆఫీసు అన్నారు. పక్క ఆఫీసులో ఇది మా పరిధిలోకి రాదన్నారు. మోకాళ్ల నొప్పులతో ఆ మెట్లు ఎన్నిసార్లు ఎక్కానో నాకే తెలుసు.

లండన్ చేరిన మన స్తూపం రాళ్లను తెప్పించమని నేను అడగలేదు. 1816లో మెకంజీ పంపగా వచ్చి స్తూపం శిల్పాలను కాగితం మీదికి ఎక్కించినవాళ్ల బొమ్మలకు నకళ్లు తీయించి, వాళ్ల పేర్లతో దిబ్బ పక్కన పెట్టమన్నాను.

మెకంజీ మొదట చూసిన దిబ్బ నడుమ, మళ్లీ వచ్చేసరికి చెరువు గుంట తవ్వి ఉంది. దాన్ని తవ్వించిన జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారంటే మాకు గౌరవమే. కానీ ఆ రోజుల్లో స్తూపం చెక్కడపు రాతి పలకలు కట్టడాలకు పోయాయి, సున్నానికి కాలిపోయాయి. వాటిలో కొన్నింటి మీద ఏ కథ చెక్కారో ఇవాళ తెలుస్తున్నదంటే మెకంజీ పంపిన హామిల్టన్, న్యూమన్ లాంటివాళ్లు పగులు పగులునా చూసి గీయబట్టే. రాయి పోయినచోట ఆ గీతే మిగిలింది. ముప్పై ఏళ్లు డ్రాయింగ్ మాస్టారుగా చేశాను, అలా గీయాలంటే ఎంత ఓపిక కావాలో ఎరుగుదును. తర్వాత కంపెనీ అధికారి ఎలియట్ తవ్వించి మద్రాసు చేర్చిన రాళ్లను 1853లో మురుగేశ మొదలియార్ గీశాడు. ఆయన పేరు మా ఊళ్లో ఎవరికి తెలుసండీ? ఈ శిల్పాల మీద 1868లో ఫెర్గూసన్ అనే చరిత్రకారుడు వేసిన పుస్తకం పేరు మాత్రం అందరూ చెబుతారు.

ఆ బొమ్మలున్న మెకంజీ ఆల్బం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఇక్కడి పిల్లలు అక్కడికెలా వెళ్తారు? దిబ్బ దగ్గర ఒక అమ్మాయి "మాస్టారూ, ఇక్కడ ముందు ఏముండేది?" అని అడిగితే సుద్దముక్కతో నేలమీద గీసి చూపించాను. సాయంత్రానికి చెరిగిపోయింది.

అయ్యా, ఒక్క అరగంట ఇప్పించండి. నకళ్లు పెట్టించండి, పేర్లు రాయించండి. ఖర్చుకు ఇబ్బందైతే పదిటితోనైనా మొదలుపెట్టండి. అక్షరాలు నేనే రాస్తాను, నా చేయి ఇంకా వణకడం లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు,
అమరావతి