ప్రయోగ క్షేత్రాలకు తాళాలేస్తే నష్టపోయేది రైతే

సంపాదకుడు గారికి నమస్కారం.

ఖర్చు తగ్గించుకునే పేరుతో కెనడా వ్యవసాయ శాఖ ఏడు పరిశోధన కేంద్రాలను, క్షేత్రాలను మూసేస్తామని 2026 జనవరిలో ప్రకటించింది. వాటిలో నాలుగు పశ్చిమ కెనడాలోని ప్రెయిరీ అనే గడ్డి మైదానాల్లోవే: ఆల్బర్టాలో లాకోంబ్, సస్కాచెవాన్‌లో స్కాట్, ఇండియన్ హెడ్, మానిటోబాలో పోర్టేజ్ లా ప్రెయిరీ. ఎక్కడో కెనడా గొడవ మనకెందుకని అనిపించవచ్చు. మనం దిగుమతి చేసుకునే మసూర్ పప్పులో పెద్ద వాటా కెనడాది, అందులోనూ ఎక్కువ భాగం సస్కాచెవాన్‌లో పండేది. రెజీనాలో ఉంటున్న తెలుగువాడిగా ఈ నిర్ణయం గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ఇండియన్ హెడ్ మా ఊరికి తూర్పున 70 కిలోమీటర్ల దూరం. అక్కడి ప్రయోగ క్షేత్రం 1887లో మొదలైంది. దాని తొలి అధికారి ఆంగస్ మెకే స్వయంగా రైతు. 1885లో ఇక్కడి మెటిస్ ప్రజలు ప్రభుత్వం మీద తిరగబడిన రోజుల్లో గుర్రాలన్నీ సైన్యం సరుకు మోయడానికి వెళ్లిపోవడంతో ఆ ప్రాంతంలో చాలా పొలాలు విత్తకుండా ఉండిపోయాయి. మరుసటి ఏడు వానల్లేక చుట్టుపక్కల పైరు ఎండిపోతే, అలా బీడు పెట్టిన నేలలో మాత్రం గోధుమ నిలబడింది. నేలలో తేమ దాచుకోవాలంటే అప్పుడప్పుడూ పొలాన్ని బీడు పెట్టి దున్నుతూ ఉండాలని మెకే ప్రచారం చేశాడు. దశాబ్దాల పాటు ప్రెయిరీ రైతులు అదే పాటించారు.

తేమ నిలిచిన మాట నిజమే. కానీ పైరు లేని నేలను పదే పదే దున్నడంతో సేంద్రియ పదార్థం తరిగిపోయింది. 1930ల కరువులో ఆ మట్టి దుమ్మై లేచిపోయింది. ఆ పద్ధతికి విరుగుడు వెతకడంలోనూ ఇదే ఇండియన్ హెడ్ ముందుండడం విశేషం. శాస్త్రవేత్త గై లాఫాండ్ ఏళ్ల తరబడి దుక్కి లేని సేద్యం మీద ప్రయోగాలు చేశారు. ఆ ఊరి రైతు, విత్తన యంత్రం తయారుచేసిన జిమ్ హాల్ఫర్డ్ పొలంలో చేసినది నాకు బాగా నచ్చుతుంది. ఒక చేనులో 1970ల చివరి నుంచే దుక్కి మానేశారు, పక్క చేనులో 2000 తర్వాతే మానేశారు. రెండింట్లోనూ నత్రజనిని వేర్వేరు మోతాదుల్లో వేసి గోధుమ, కనోలా (ఆవాల జాతి నూనెగింజ) పండించి చూశారు. చాలా ఏళ్లుగా దున్నని నేలే ఎక్కువ దిగుబడి ఇచ్చింది, గోధుమలో ప్రోటీన్ కూడా పెరిగింది. అంత పాత చేను పక్కన లేకపోతే ఈ సంగతి తేలేదే కాదు. ఏ ప్రభుత్వం డబ్బులు పెట్టినా ముప్పై ఏళ్ల నేలను మూడేళ్లలో తయారు చేయలేదు కదా.

ఇక ఒక్క ఏడాది లెక్కలను నమ్ముకుంటే అంతే సంగతులు. 2021లో ప్రెయిరీల్లో భయంకరమైన కరువు. ఆ ఒక్క ఏడు చూసినవాడు ఎరువు వేయడమే దండగ అంటాడు. మానిటోబాలోని గ్లెన్‌లీలో 1992 నుంచి నడుస్తున్న పంట మార్పిడి ప్రయోగంలో సేంద్రియ మడుల నుంచి అల్ఫాల్ఫా అనే పశుగ్రాసం కోసి బయటికి పంపుతూ ఉంటే, మెల్లమెల్లగా నేలలో భాస్వరం ఖాళీ అయింది. తొలి రెండు మూడు పంటలు చూసి ఎవరూ ఆ మాట చెప్పగలిగేవారు కాదు.

రైతులే సొంతంగా ప్రయోగాలు చేసుకుంటున్నారుగా అని వాదించేవారున్నారు. చేసుకుంటున్నారు, చాలా బాగా కూడా. మానిటోబాలో పప్పుధాన్యాలు, సోయా రైతుల సంఘం పద్ధతి చూడండి. రైతు తన యంత్రంతోనే చేను పొడవునా పట్టీలు వేస్తాడు. ఒక పట్టీకి మందు, ఇంకోదానికి ఏమీ ఉండదు. ఇలా నాలుగైదు జతలు, వరస మార్చి మార్చి. మెరక దగ్గర ఒకలా, పల్లం దగ్గర ఒకలా పండుతుంది కాబట్టి ఒక్క జతతో తేలదు. కోతప్పుడు ఏ పట్టీ గింజ ఆ పట్టీకే తూకం వేస్తారు. 'తేడా ఏమీ కనపడలేదు' అని వచ్చిన ఫలితాన్ని కూడా దాచకుండా బయట పెడతారు. మందు అమ్మే కంపెనీవాళ్లు రోడ్డు పక్కన బోర్డు పాతి చూపించే డెమోలో ఈ మాట ఎప్పుడైనా విన్నామా? అయితే ఈ పట్టీలు ఒక సీజన్ ప్రశ్నకు జవాబిస్తాయి. ఇరవై ఏళ్ల ప్రశ్నకు అదే మడిలో, అదే లెక్కతో, మనుషులు మారినా ఆగకుండా సాగే క్షేత్రం కావాలి. అది ఏ ఒక్క రైతూ మోయగలిగే భారం కాదు. అందుకే ఒట్టావాలోని కెనడా ప్రభుత్వం ఈ మూసివేత నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవాలని ఇక్కడున్న మనవాళ్లు కూడా తమ ఎంపీలను అడగాలి.

మన దగ్గరా ఇలాంటి క్షేత్రాలున్నాయి. జగిత్యాలలో వరి తర్వాత వరి వేస్తూ 2000 నుంచి, అనంతపురంలో వేరుశనగ మీద 1985 నుంచి దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాలు సాగుతున్నాయి. వాటి ఫలితాలు ఎంతమంది రైతుల దాకా చేరాయి? 2025 వానాకాలంలో తెలంగాణలో 45 కిలోల యూరియా బస్తా కోసం జనం చెప్పులు క్యూలో పెట్టి ఎదురుచూశారు. ఆ బస్తా తగ్గిస్తే దిగుబడి ఎంత తగ్గుతుందో, అసలు తగ్గుతుందో లేదో రైతుకు కళ్లారా చూపించినవాళ్లు లేరు. రైతు వేదికలు, రైతు సేవా కేంద్రాలు ఉండనే ఉన్నాయి. మండలానికి ఒక రైతు పొలంలో యూరియా తగ్గించిన పట్టీలు, మామూలుగా వేసిన పట్టీలు పక్కపక్కనే వేయించి, కోతనాడు ఊరందరి ముందూ తూకం వేయించాలని వ్యవసాయ శాఖలను కోరుతున్నాను. జగిత్యాల, అనంతపురం మడుల లెక్కలను కూడా ఏటా తెలుగులో అచ్చువేసి ఆ కేంద్రాల గోడలకు అంటిస్తే పెద్ద ఖర్చేమీ కాదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రెజీనా, సస్కాచెవాన్