మిక్స్‌లో తీపి ఎందుకు తగ్గిందంటే

"జొన్న రాగి మిక్స్ ఇదివరకటిలా లేదేంటండీ, తీపి తగ్గింది" అని నెల రోజులుగా చాలామంది అడుగుతున్నారు. నిజమే, తగ్గింది. ఫోన్లో ఒక్కొక్కరికీ సగం సగం చెప్పేకన్నా, జరిగింది జరిగినట్టు అందరికీ ఒకేసారి చెబుతున్నాను.

మేం తయారుచేసి అమ్మే ఈ టిఫిన్ మిక్స్‌లో తీపి కోసం మొదటి నుంచీ ఖర్జూరం పొడే వేస్తూ వచ్చాం. కవరు మీద "చక్కెర కలపలేదు" అని పెద్ద అక్షరాలతో వేయించాను. ఆగస్టులో పాత కస్టమర్ ఒకావిడ ఫోన్ చేశారు. వాళ్ల నాన్నగారికి షుగర్. రోజూ పొద్దున మన మిక్సే తింటారు, అదే 40 గ్రాముల కొలత. "ఈ ప్యాకెట్ మొదలుపెట్టాక టిఫిన్ తర్వాత రీడింగ్ పెరుగుతోందండీ, మీరేమైనా మార్చారా?" అని అడిగారు. ఏమీ మార్చలేదని కొంచెం కోపంగానే చెప్పాను. ఆ కోపం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది.

ఫోన్ పెట్టేశాక ఖర్జూరం పొడి డబ్బా గుర్తొచ్చింది. వానాకాలంలో ఆ పొడి రాయిలా గడ్డ కడుతుంది, అట్లకాడతో పొడిచి తీయాలి. ఈసారి వచ్చిన సరుకు మాత్రం ఉప్పులా జలజలా రాలింది. పైగా నేనే మెచ్చుకుని, ఇలాంటిదే ఇంకో 50 కిలోలు పంపమన్నాను. ఆరేళ్లుగా ఈ పనిలో ఉన్నదాన్ని, అప్పుడే అనుమానం రావాల్సింది.

ల్యాబ్‌కి పంపిస్తే మాల్టోడెక్స్‌ట్రిన్, చక్కెర రెండూ ఉన్నాయని తేలింది. మాల్టోడెక్స్‌ట్రిన్ అంటే మొక్కజొన్న లాంటి వాటి పిండిపదార్థాన్ని విడగొట్టి చేసే తెల్లటి పొడి. నాలుకకి పెద్దగా తీపి తెలియదు. పోషకాల పట్టికలో చక్కెర లెక్కలోకి దాదాపు రాదు. ఒంట్లోకి వెళ్తే మాత్రం చాలా త్వరగా గ్లూకోజ్ అవుతుంది. సరుకు ఇచ్చినాయన్ని అడిగితే "అది కలపకపోతే పొడి అవదు మేడం, అందరూ కలిపేదే" అన్నారు. నాలుగేళ్లుగా సరుకు ఇస్తున్న మనిషి, మా ఇంట్లో భోజనం చేసి వెళ్లిన మనిషి. బస్తా మీద ఒక్క ముక్క రాసి ఉంటే నేను కొనేదాన్నే కాదు. బాకీ మొత్తం కట్టేసి సరుకు మానేశాను. రేటు తగ్గిస్తానని ఇప్పటికి మూడుసార్లు ఫోన్ చేశారు. గొడవ రేటు గురించి కాదని ఆయనకి ఇంకా అర్థం కాలేదు.

నాకు ఎక్కడ గుచ్చుకుందో మీలో స్టాల్‌కి వచ్చినవాళ్లకి తెలుసు. పెద్ద కంపెనీల సీరియల్ డబ్బాలు తిప్పి వెనక వైపు చదివించేదాన్ని. పదార్థాలను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకి రాయాలి కాబట్టి చక్కెర, తేనె, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, గ్లూకోజ్ సిరప్ అని విడగొట్టి రాస్తారని, అప్పుడు ఏదీ జాబితాలో పైకి రాదని వేలు పెట్టి చూపించేదాన్ని. అదే నా ప్యాకెట్‌లో జరిగింది.

సరుకు మార్చి ఊరుకో, ఎవరికీ తెలియదు అన్నారు ఇంట్లో. పది రోజులు నిద్ర పట్టలేదు. ఆ పది రోజుల్లోనే ఫుడ్ సేఫ్టీ నిబంధనలు మళ్లీ చదివాను. తీపి కోసం ఎండు పండ్ల ముద్ద లాంటివి వేసినా "చక్కెర కలపలేదు" అని రాయకూడదట. అంటే అసలైన ఖర్జూరం పొడి వాడిన రోజుల్లో కూడా నా కవరు మీద ఉన్న మాట తప్పే. దాని తప్పు సరఫరాదారు మీద వేయలేను, అది నాదే. కొత్తగా అచ్చయిన కవర్లు 3,000 ఉన్నాయి. స్టిక్కర్ అంటించి వాడేయమన్నారు. ఒప్పుకోలేదు. అన్నీ చింపించేశాను.

బెల్లం వేయొచ్చు కదా అంటున్నారు. నేను అనకాపల్లిలో బెల్లం వాసన మధ్య పుట్టి పెరిగినదాన్ని, బెల్లం మీద నాకు ప్రేమే. కానీ బెల్లంలో కూడా ఎక్కువ భాగం చక్కెరే. రోజు మొత్తానికి 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్కలో చక్కెర, తేనెతో పాటు అదీ వస్తుంది. బెల్లం వేసి ఆరోగ్యం పేరుతో అమ్మను. తీపి ఆకుల నుంచి తీసే స్టీవియా కూడా వేయను, ఎంతమంది చెప్పినా సరే.

ఇకపై మిక్స్‌లో జొన్న అటుకులు, రాగి అటుకులు, వేరుశనగ, నువ్వులు, గుమ్మడి గింజలు మాత్రమే ఉంటాయి. ఎండు ఖర్జూరం కొని మేమే ముక్కలు కోసి చిన్న కవర్లో విడిగా పెడుతున్నాం. వేసుకోవాలో వద్దో, ఎంత వేసుకోవాలో మీ ఇష్టం. ధర మారదు.

జులై, ఆగస్టుల్లో కొన్న ప్యాకెట్ మీ దగ్గర ఉంటే, సగం తిన్నదైనా తీసుకురండి. మొత్తం డబ్బు ఇచ్చేస్తాను. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లు మాత్రం పాతది ఇవాళే పక్కన పెట్టేయండి.

ఆ ఫోన్ చేసినావిడ ఇంటికి కొత్త ప్యాకెట్ నేనే తీసుకెళ్లాను. నాన్నగారు వాకిట్లోనే కూర్చుని ఉన్నారు. క్షమించమని అడిగాను. ఆయన ప్యాకెట్ తిప్పి, కళ్లజోడు పెట్టుకుని, వెనక రాసింది మొత్తం చదివి, అప్పుడు లోపలికి రమ్మన్నారు.