దర్శకత్వం: విజయనిర్మల

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో విజయనిర్మల గారి మీద వ్యాసం చదివాను. ‘తెలుగులో తొలి మహిళా దర్శకురాలు’ అని రాశారు. కాదండీ. భానుమతి గారు 1953లోనే ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీ మూడింట్లోనూ తీశారు. సావిత్రి గారు 1968లో ‘చిన్నారి పాపలు’ తీశారు, దానికి బాణీలు కట్టింది గాయని పి.లీల గారు. ఆ ఇద్దరూ నటులుగా వచ్చి దర్శకులైనవాళ్లే.

తొలి అన్న మాట తీసేసినంత మాత్రాన విజయనిర్మల గారికి వచ్చే లోటేమీ లేదు. నా బాధల్లా వ్యాసంలో సగం ఆవిడ భర్త, హీరో కృష్ణ గారికీ మిగతా సగం గిన్నిస్ రికార్డుకీ పోయిందని. 44 సినిమాలు అన్నారు, సరే. పని ఎక్కడ నేర్చుకున్నారో ఒక్క ముక్కయినా రాయాలి కదా! ఆవిడ నటించిన సినిమాలే ఆవిడకి బడి. మలయాళంలో ‘భార్గవీ నిలయం’ తీసిన విన్సెంట్ గారు స్వతహాగా కెమెరామన్. ఆ తర్వాత ‘రంగుల రాట్నం’లో బి.ఎన్.రెడ్డి గారు, ‘సాక్షి’లో బాపు గారు. ఒకరు పాత స్టూడియో కాలపు పెద్దాయన, ఇంకొకరికి అదే మొదటి సినిమా, పల్లెటూళ్లో దిగి తీశారు. అసిస్టెంటుగా చేరినవాళ్లకి కూడా అలాంటి ముగ్గురు దొరకడం కష్టం.

నేను సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌ని. టైటిల్స్ అక్షరాలు చూసుకునే మేం ఫోకస్ సరిచేసేవాళ్లం. చివర్లో దర్శకత్వం కార్డు పడేసరికి బొమ్మ కుదురుకోవాలి, లేదంటే కింద నుంచి ఈలలు. 1973లో వచ్చిన ‘మీనా’కి ఆ కార్డు మీద ఆవిడ పేరు. యద్దనపూడి సులోచనారాణి గారి నవల, తెర మీద మీనా కూడా ఆవిడే. నటిస్తూ తనని తానే డైరెక్ట్ చేసుకోవడమంటే మాటలా? మరుసటి ఏడే ‘దేవదాసు’కి చెయ్యి వేశారు. అది ఆడలేదు. జనం కళ్లలో నాగేశ్వరరావు గారే ఉన్నారు మరి. అయినా 1979లో ఆ నాగేశ్వరరావు గారినే కృష్ణ గారితో కలిపి ‘హేమాహేమీలు’ తీశారు, ఆ మరుసటేడు ‘రామ్ రాబర్ట్ రహీమ్’. ఫైట్లు, పాటలు, ఇద్దరు ముగ్గురు హీరోలు. ఆడవాళ్లు ఇంటి కథలే తీయాలన్న లెక్క ఆవిడ దగ్గర లేదు.

నలభై నాలుగూ గొప్పవని నేననను. కొన్ని రెండో వారానికే పెట్టెలు సర్దుకున్నాయి. మగవాళ్లలో అలాంటివి డజన్లు తీసినవాళ్లనీ మనం దర్శకుడనే అంటాం, ఫలానావిడ భర్త అనం.

ఒక్క మనవి. మీ టీవీ పేజీలో పాత సినిమాల పక్కన హీరో హీరోయిన్ల పేర్లే వేస్తున్నారు. దర్శకుల పేర్లూ వేయండి. ‘మీనా’కైతే అదనంగా చోటు కూడా అక్కర్లేదు, హీరోయినూ డైరెక్టరూ ఒకరే.

ఇట్లు,
ఒక పాత ప్రొజెక్టర్ ఆపరేటర్,
తెనాలి