కోడ్ వస్తే పార్టు పోయినట్టేనా?

సంపాదకుడు గారికి,

విజయవాడ ఆటోనగర్‌లో 22 ఏళ్లుగా ఆటో ఎలక్ట్రీషియన్‌గా పనిచేస్తున్నాను. ఈమధ్య నా షెడ్డుకు ఒక పాల వ్యాను వచ్చింది. డాష్‌బోర్డు మీద ఇంజన్ చెక్ లైటు ఆరడం లేదు, సెల్ఫ్ కొడితే ఒక్కోసారి స్టార్ట్ కావడం లేదు. అంతకుముందు చూపించిన చోట స్కానర్ పెడితే ఐదారు కోడ్లు (లోపం ఎక్కడుందో సూచించే నంబర్లు) వచ్చాయట. ఈసీఎం, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, పోయింది, 40 వేల దాకా అవుతుందన్నారట. వ్యాను మీద ఇంకా కిస్తీలు కడుతున్న మనిషి అతను.

ఒకదానికొకటి సంబంధం లేని కోడ్లు ఒకేసారి వచ్చాయంటే ముందు అనుమానించాల్సింది కరెంటు సరఫరాని. మల్టీమీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కి, రెండో కొన ఇంజన్ బాడీకి ఆనించి సెల్ఫ్ కొట్టించాను. అర వోల్టు లోపు ఉండాల్సింది రెండు వోల్టులకు దగ్గరగా చూపించింది. బ్యాటరీ ట్రే కింద, కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే ఎర్త్ వైరు బోల్టు చుట్టూ పచ్చగా చిలుము! విప్పి, ఎమరీ పేపరుతో రుద్ది బిగించాం. చెరిపేసిన కోడ్లు మళ్లీ రాలేదు.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక బైకులు కూడా కంప్యూటర్‌తో నడిచే ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారాయి. కార్లలో ముఖ్యమైన కంప్యూటర్లు చాలావరకు మెలితిప్పిన రెండు సన్న వైర్ల మీదే మాట్లాడుకుంటాయి. బ్యాటరీ తీసేసి ఆ రెండింటి మధ్య కొలిస్తే సుమారు 60 ఓమ్‌లు రావాలి. 120 వచ్చిందా, ఎక్కడో తెగినట్టే. ఇంత చిన్న లెక్క నేను తెలుసుకునేసరికి ఏళ్లు పట్టింది. మా కుర్రాళ్లు ఇప్పటికీ పాత అలవాటుతో సెన్సార్ వైర్లకు టెస్ట్ బల్బు పెడుతున్నారు. ఆ బల్బు లాగే కరెంటుకు ఈసీఎం కాలిపోవచ్చు. నేర్పేవాళ్లు లేనప్పుడు వాళ్లను తిట్టి ఏం లాభం?

బయటి మెకానిక్‌లకు విడిభాగాలు, స్కానింగ్ పరికరాలు అందనివ్వడం లేదని 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్ల జరిమానా వేసింది. నాకైతే వైరింగ్ డయాగ్రమ్ కోసం ఇవాళ్టికీ వాట్సాప్‌లో నలుగురిని అడుక్కోవాల్సి వస్తోంది. కంపెనీలు వాటిని న్యాయమైన ధరకు మాకూ ఇచ్చేలా ప్రభుత్వం చూడాలి. ఐటీఐలలో ఈ పనిని తెలుగులో, బండి ముందు పెట్టి నేర్పించాలి. పగలు షెడ్డు మూసి రావడం మావల్ల కాదు. సాయంత్రం ఏడు తర్వాత క్లాసులు పెడితే నా దగ్గరున్న ఇద్దరు కుర్రాళ్లనూ నేనే వెంటబెట్టుకొస్తాను.

— ఒక ఆటో ఎలక్ట్రీషియన్, విజయవాడ