తాళం వేసిన ఇళ్లు

మదనపల్లె

చిరంజీవి సుధకు,

అమ్మ ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. అనంతపురం జిల్లాలో మీ టీబీ సర్వే చివరికి వచ్చిందనీ, రెండుసార్లు వెళ్లినా తాళం వేసి ఉన్న ఇళ్లను లెక్కలోంచి తీసేసి, మిగిలిన సమాచారంతో విశ్లేషణ మొదలుపెట్టి ఉగాదికి ఇంటికి వస్తాననీ రాశావు. నీ రాక కోసం ఎంత ఎదురుచూస్తున్నానో నీకు తెలుసు. అయినా ఆ తాళాల మాట రెండు రోజులుగా నన్ను వదలడం లేదు.

మన ఊరి పక్కనే ఉన్న క్షయ ఆసుపత్రి, ఆరోగ్యవరం శానిటోరియం గురించి మా అవ్వ చెప్పే మాటలు నీకూ చెప్పాను. మందులు లేని ఆ కాలంలో మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండి, ఇవే క్షయకు వైద్యం. అవ్వ చెల్లెలు చంటిబిడ్డను ఇంట్లో వదిలి నెలల తరబడి అక్కడ ఉండిపోయింది. రోగి ఇంట్లో ఉంటే ఇంటిల్లిపాదికీ జబ్బు అంటుతుందన్న భయం అందరిదీ, వైద్యులది కూడా.

ఆ భయంలో నిజమెంతో తేల్చింది మద్రాసులో 1956లో మొదలైన అధ్యయనం. 200కు కాస్త తక్కువమంది రోగులను, ఎవరి ఇష్టాయిష్టాలతోనూ పని లేకుండా చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపును ఏడాదిపాటు శానిటోరియంలో ఉంచారు, రెండో గుంపుకు అవే క్షయ మందులు, ఐసోనియాజిడ్, పాస్ (పీఏఎస్) అనేవి, ఇచ్చి ఇళ్లలోనే ఉండనిచ్చారు. ఇంట్లో ఉన్నవాళ్లు ఇరుకు గదుల్లో, చాలీచాలని తిండితో, పనులు చేసుకుంటూనే మందులు వాడారు. అయినా 1959లో ప్రచురించిన ఫలితాల్లో రెండు గుంపులూ దాదాపు సమానంగా కోలుకున్నట్టు తేలింది. నాకు అంతకంటే గొప్పగా అనిపించేది ఆ తరువాతి పని. రోగులతో కలిసి ఉన్న కుటుంబ సభ్యులను, జబ్బు లేని మనుషులను, ఐదేళ్లపాటు పరీక్షిస్తూ వచ్చారు. రోగి ఇంట్లోనే మందులు వాడినందువల్ల వాళ్లకు ముప్పు పెరగలేదని తెలిసింది. అంటవలసింది చాలావరకు జబ్బు బయటపడక ముందే, మందులు మొదలుకాక ముందే అంటిపోయి ఉంటుంది. ఆ తరువాతే తల్లిని బిడ్డ నుంచి విడదీయకుండా వైద్యం చేయవచ్చని ధైర్యంగా చెప్పగలిగారు. ఆ ధైర్యం ఇచ్చింది ఆరోగ్యంగా ఉన్నవాళ్లను కూడా ఓపికగా లెక్కపెట్టిన మనుషులు.

ఇక నా సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఒక పల్లెలో వరుసగా ఉన్న ఇళ్ల ఎదుట ‘తాళం’ అని రాసుకుని ముందుకు నడిచాను. పండక్కి ఆ పల్లెకు వేరే పని మీద మళ్లీ వెళ్లినప్పుడు ఆ తలుపులన్నీ తెరిచి ఉన్నాయి. బెంగళూరులో కట్టడం పనులకు వెళ్లి తిరిగి వచ్చిన కుటుంబాలవి. ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాయన నెలల నుంచి దగ్గుతున్నాడు, బాగా చిక్కిపోయాడు. కళ్లె పరీక్షలో టీబీ అని వచ్చింది. పక్కనే ఆయన మనవరాలు పడుకుని ఉంది. నా రిజిస్టరులో ఆ ఇల్లు లేదు. ఆ పేజీని తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది.

ఎవరు ఇంట్లో దొరుకుతారో, ఎవరు దొరకరో గాలివాటంగా జరిగేది కాదు సుధా. సొంత భూమో, నెలజీతమో ఉన్నవాళ్లు ఇంట్లో దొరుకుతారు. పని వెతుక్కుంటూ వెళ్లినవాళ్లు, రేకుల షెడ్డులో పదిమందితో కలిసి పడుకునేవాళ్లు, సరిగ్గా తినని వాళ్లు దొరకరు. తిండికీ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం ఎంత గట్టిదో జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో జరిగిన అధ్యయనం చూపించింది. అక్కడ రోగుల ఇళ్లలోని వాళ్లకు నెలకు తలా 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ మాత్రలు ఇస్తే, కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గిందని 2023లో ప్రచురించారు. మీ సర్వేలో వ్యాప్తి రేటు తక్కువని తేలి, దాన్ని బట్టి ఆ మండలానికి పరీక్షా యంత్రాలు, మందులు, పోషకాహారం తగ్గిస్తే, నష్టపోయేది ఆ తాళాల వెనుకవాళ్లే. విశ్లేషణలో ఎంత నేర్పు చూపినా, అసలు చూడని ఇంటిని కేవలం అంచనాతో పూర్తిగా పూరించలేవు.

అందుచేత ఉగాదికి నువ్వు ఇంటికి రావద్దు. ఈ మాట రాయడం నాకు తేలిక కాదు. పండుగ ముందు రోజు నుంచి రెండు మూడు రోజులు ఆ పల్లెల్లోనే ఉండు. వలస వెళ్లినవాళ్లలో చాలామంది అప్పుడు వస్తారు. ఆశా కార్యకర్తను ముందే అడిగితే ఏ ఇల్లు ఎప్పుడు తెరుస్తారో ఆమే చెబుతుంది. పొద్దున్నే వెళ్లు, పొద్దుటి కళ్లె పరీక్షకు మంచిది. పండుగ పూట ఆ మాట అడగడానికి మొహమాటపడకు, కాస్త కూర్చుని, పిల్లలను పలకరించి, ఆ తరువాత అడుగు. అప్పటికీ తెరుచుకోని ఇళ్లుంటే, ఎన్ని ఉన్నాయో, వాళ్లు ఏ పనికి ఎక్కడికి వెళ్లారో ఇరుగుపొరుగును అడిగి నివేదికలో స్పష్టంగా రాయి.

పండుగ మరునాటి బస్సుకు నేనే అక్కడికి వస్తాను. ఓళిగలు తెస్తాను, నీతో తిరిగే అమ్మాయిలు ఎంతమందో రాస్తే అందరికీ సరిపడా చేస్తాను.

ప్రేమతో,
అమ్మ